చలికాలంలో డ్యాముల్లో అడుగు చేప యాడుంటాది? మైలవరం, గండికోట, అవుకు

పొద్దుటూరు_గాలం:
అన్నలందరికీ నమస్తే. నేను ఎక్కువగా కడప జిల్లా మైలవరం డ్యాం, గండికోట వెనక నీళ్లు, అప్పుడప్పుడు అవుకు పోతుంటా. వానలప్పుడు గట్టు పక్కనే, నాలుగైదు అడుగుల నీళ్లలోనే బంగారుతీగ (కామన్ కార్ప్), మోసు చేపలు బాగా పడతాయి. డిసెంబరు వచ్చిందంటే అదే చోట బెండు కదలదు. సరే అని సీసం కట్టి లోతుకు వేస్తే ఎర మీద నల్ల బురద అంటుకొని వస్తాది, కుళ్లిన గుడ్డు వాసన.

సామాను ఇది: 10 అడుగుల రాడ్డు, 4000 సైజు రీలు, 0.35 మి.మీ. నైలాన్ దారం, 40 గ్రాముల గుండు సీసం, 2 నంబరు గాలం. ఎర మైదా ముద్ద, లేకుంటే ఎర్రలు (వానపాములు). ఫిష్ ఫైండర్ లేదు, పుట్టి లేదు, గట్టు మీద నుంచే.

చేప లోతుకు పోతాదంటారు గదా, ఎంత లోతుకు? అడుగు ఎట్లుందో పైనుంచి తెలుసుకునేది ఎట్ల? ఎర, గాలం ఏమన్నా మార్చాల్నా?

హంద్రీ_ఒడ్డు, కర్నూలు:
ముందు ఆ నల్ల బురద సంగతి. అడుగున పేరుకున్న ఆకూ అలమూ ఆక్సిజన్ లేకుండా కుళ్లితే వచ్చే వాసన అది. అట్లాంటి బురదలో పురుగు పెద్దగా బతకదు, పురుగు లేని చోట మోసుకు గానీ బంగారుతీగకు గానీ పని లేదు. ఎంత మంచి ఎర వేసినా అక్కడ ఏదీ పడదు. మీరు వేస్తున్న లోతు తప్పు కాకపోవచ్చు, ఆ లోతులో మీ సీసం పడుతున్న నేల తప్పు.

ఎండాకాలంలో డ్యాం నీళ్లు పొరలు కడతాయి. పైన వెచ్చని తేలిక నీళ్లు, కింద చల్లని బరువు నీళ్లు. రెండూ కలవవు కాబట్టి అడుగుకు గాలి అందదు. చలికాలం రాత్రుళ్లు పైనీళ్లు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతాయి, కింది నీళ్లు పైకొస్తాయి. నెల రోజులు ఇట్లా జరిగితే పైనుంచి అడుగు దాకా నీళ్లు దాదాపు ఒకటే అవుతాయి. వేసవిలో చేప నిలవలేని లోతు కూడా అప్పుడు దానికి ఉండదగ్గ చోటే. బురద పొర లోపల మాత్రం అప్పుడూ ఆక్సిజన్ ఉండదు, అందుకే మీ ఎరకు ఆ వాసన.

‘చలికాలంలో అడుగున వెచ్చగా ఉంటుంది, అందుకే చేప దిగుతుంది’ అనే మాట మంచు కట్టే చెరువులది. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు, అందుకని మంచు కింద ఆ 4 డిగ్రీల నీళ్లే అడుగున నిలుస్తాయి. మనకు ఆ లెక్క వర్తించదు. మన దగ్గర ఒడ్డు నీళ్లు రాత్రికి చల్లబడి మధ్యాహ్నానికి వేడెక్కుతూ రోజూ ఊగుతాయి, లోతు నీళ్లు నిలకడగా ఉంటాయి. పైగా రబీకి కాలువలు వదిలితే మట్టం దిగుతుంది. మొన్నటి నాలుగడుగుల చోటు ఈ రోజు రెండడుగులు. ఈ రెండూ కలిసి చేపను ఒడ్డు మీద నుంచి మొదటి దిగుడు కిందికి నెడతాయి. మన డ్యాముల్లో 12 నుంచి 25 అడుగుల మధ్య వెతకండి. 12 దగ్గర మొదలుపెట్టి లోపలికి పోండి. అంతకన్నా లోతు గట్టు నుంచి అనవసరం.

ఇక అడుగు చూసే పని. ఎర వేయడానికి ముందు ఒక గంట దీనికే కేటాయించండి. ఎక్కువమంది వదిలేసే గంట ఇదే.

గాలం విప్పేసి, 60 గ్రాముల సీసాన్ని, దారం మెలిపడకుండా తిరిగే పెద్ద రింగు ఉన్న స్వివెల్‌కు కట్టి, మెయిన్ దారాన్ని ఆ రింగులోంచి దూర్చండి. దారం కొసకు నిమ్మకాయంత బెండు. సీసం రింగులో దారం బిగుసుకోకుండా జారాలి, బెండు దారాన్ని లాక్కుపోగలిగేంత తేలాలి. రెండింట్లో ఏది లేకపోయినా లెక్క తప్పుతుంది. దూరంగా విసిరి, బెండు సీసాన్ని తాకేదాకా రీలు చుట్టండి. ఇప్పుడు డ్రాగ్ (రీలు దారాన్ని పట్టి ఉంచే బిగువు) వదులు చేసి, రీలు దగ్గర నుంచి రాడ్డు మొదటి రింగు వైపు అడుగు అడుగుగా దారం లాగి వదలండి. బెండు నీటి మీదికి తేలేసరికి ఎన్ని అడుగులు వదిలారో అదే లోతు. రాసుకోండి. మళ్లీ బెండు కిందికి లాగి, సీసాన్ని రెండు గజాలు మీ వైపుకు ఈడ్చి, మళ్లీ కొలవండి. 16, 16, 15, 11 అని వచ్చిందంటే 15కీ 11కీ మధ్య మెట్టు ఉంది. ఆ మెట్టు కింది అంచు మీకు కావాల్సిన చోటు.

ఈడ్చేటప్పుడు రీలుతో చుట్టొద్దు, రాడ్డును పక్కకు లాగండి, దారం మీద వేలు పెట్టండి. మెత్తగా, బరువుగా, చప్పుడు లేకుండా వస్తే బురద. గరగరమని సన్నగా కొడుతుంటే గులకరాయి, గరుసు. టక్కుమని ఆగి టక్కుమని వదిలితే బండలు. సాగుతూ సాగుతూ వచ్చి ఒక్కసారి వదిలితే నాచు. గరుసూ బురదా కలిసే గీత మీద చేప ఎక్కువ తిరుగుతుంది, అక్కడ గుల్లలూ పురుగులూ రెండూ దొరుకుతాయి గనుక. అనుమానంగా ఉంటే సీసం అడుగున వేలితో కాస్త గ్రీజు పూసి నిట్టనిలువుగా దించి తీయండి. ఇసుక అంటుకుందా, నల్ల బురదా, గుల్ల ముక్కలా, కంటితోనే తెలుస్తుంది. పాత ఓడల వాళ్ల పద్ధతి ఇది, ఖర్చు లేనిది. పని అయ్యాక గ్రీజు గుడ్డతో శుభ్రంగా తుడిచి ఇంటికి తీసుకుపోండి, నీళ్లలో కడగొద్దు.

ఇంకొకటి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల ఫొటోలు చూసే గడియారం గుర్తు ఉంటుంది. గండికోట నీళ్లతో నిండకముందు ఫొటోలకు వెళ్లండి. పెన్న పాత పాయ, బండ్ల బాటలు, చేని గట్లు, బావులు స్పష్టంగా కనిపిస్తాయి. మీ గట్టు నుంచి 60, 70 గజాల లోపల పాత బాట ఎక్కడ పోతుందో గుర్తు పెట్టుకోండి. బాటలో పరిచిన గరుసు ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్నా చుట్టూ చేల కన్నా గట్టిగానే ఉంటుంది. తాళ్లప్రొద్దుటూరు మునిగిన వైపు మాత్రం జాగ్రత్త, గోడలూ చెట్లూ నీళ్లలోనే ఉన్నాయి, గాలాలు తెగుతాయి.

కూడేరు_రీల్, అనంతపురం:
పైన అన్న చెప్పినదాంట్లో నేల సంగతి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. 12 అడుగుల కన్నా తక్కువ లోతులో వెతకొద్దన్నట్టు ఉందే, దానికి మాత్రం ఒప్పుకోను. అది తెల్లవారుజాము మాట. ఆకాశం తేటగా ఉండి రెండు మూడు రోజులు ఎండ కాస్తే, పదకొండు నుంచి మూడున్నర వరకు 6, 8 అడుగుల రాతి నేల మీదికే బంగారుతీగ ఎక్కుతుంది. పెన్న అహోబిలం రిజర్వాయర్ లాంటి బండరాళ్ల ఒడ్డుల్లో ఇది బాగా కనిపిస్తుంది. రాయి ఎండకు కాగి చుట్టూ నీళ్లను కాస్త వెచ్చబెడుతుంది. దక్షిణానికి వాలిన ఒడ్డు ఎన్నుకోండి, డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణం వైపు వంగి తిరుగుతాడు కాబట్టి ఆ వాలుకే ఎండ ఎక్కువ.

గాలి కూడా చూడాలి. ఈ నెలల్లో మనకు ఎక్కువగా తూర్పు, ఈశాన్యం గాలి. ఎండకు వేడెక్కిన పైనీళ్లను ఆ గాలి పడమటి, నైరుతి గట్టుకు తోస్తుంది. మధ్యాహ్నం గాలి కొట్టే గట్టున కూర్చోండి. పొద్దున మాత్రం అదే గట్టు చల్లగా ఉంటుంది, అప్పుడు గాలి తగలని మూలలో లోతుకు వేయండి. అంటే రోజులో ఒకసారి చోటు మారాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే రాయి మీద కూర్చుంటే సగం రోజు వృథా.

నీళ్లు కలిసినాయా లేదా అనేది అనుమానమైతే కొలవొచ్చు. అర లీటరు గాజు సీసాకు సీసం కట్టి, మూతిలో బిరడా పెట్టి, బిరడాకు ఇంకో దారం కట్టండి. కావాల్సిన లోతుకు దించి బిరడా దారం గట్టిగా లాగితే అక్కడి నీళ్లే నిండుతాయి. గబగబా పైకి లాగి అక్వేరియం థర్మామీటర్ పెట్టండి. పైనీటికీ 20 అడుగుల నీటికీ తేడా ఒక డిగ్రీ లోపే ఉంటే కలిసినట్టే, లోతుకు ధైర్యంగా వేయొచ్చు. రెండు మూడు డిగ్రీలు తేడా ఉంటే ఇంకా పొరలున్నాయి, 10, 12 అడుగుల దగ్గరే ఆగండి. దీనికి పుట్టి గానీ నిలువు గోడ గానీ కావాలి, ఏటవాలు గట్టు నుంచి కుదరదు.

పొద్దుటూరు_గాలం:
చాలా సంతోషం అన్నలూ. నేల చూసే పద్ధతి ఈ ఆదివారమే మొదలుపెడతా. మైలవరంలో నేను కూర్చునే వైపు గట్టి నేల దొరకడం కష్టమే, చాలా దూరం బురదే. బురద తప్పనప్పుడు ఏం చేయాల? ఎర కొలతలు కూడా ఎవరన్నా చెప్పండి.

రాయచోటి_మోసు, కడప:
బురద రెండు రకాలు. నల్లగా, వాసన వచ్చేది వదిలేయండి. గోధుమరంగులో, వాసన లేకుండా, చేతిలో సబ్బులా జారేది అయితే పనికొస్తుంది, దాంట్లో ఎర్రపురుగు ఉంటుంది, మోసుకు అదే తిండి. కాకపోతే మీ గుండు సీసం దాంట్లో దిగిపోయి ఎరను కూడా లోపలికి లాగుతోంది. మీరు చెప్పిన సామానులో మొదట మార్చాల్సింది అదే.

40 గ్రాముల గుండు తీసేసి 30 గ్రాముల చదును సీసం పెట్టండి. మెయిన్ దారం 0.35 చాలు. దారానికి సీసం జారేలా ఎక్కించి, కింద ఒక రబ్బరు పూస, తర్వాత స్వివెల్. స్వివెల్ నుంచి గాలం వరకు 0.25 దారం, పొడవు 50, 60 సెంటీమీటర్లు. గట్టి నేలలో 25 సెంటీమీటర్లు సరిపోతుంది, బురదలో పొడవు కావాలి, సీసం దిగినా ఎర పైనే ఉండేటట్టు. గాలం 2 నంబరు మరీ పెద్దది, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. చలికాలానికి 8, మహా అయితే 6. చల్లని నీళ్లలో చేప ఎరను ఒక్క ఉదుటున మింగదు, పెదవులతో పీల్చి బరువు అనిపిస్తే ఊదేస్తుంది. పెద్ద గాలం బరువుకే అది ఊదేసేది.

ఎరను బురద మీద తేల్చడానికి జీలుగ బెండు ముక్క, కందిగింజంత, ఉడికిన మొక్కజొన్న గింజలు రెండింటితో పాటు హెయిర్ రిగ్ (గాలం వెనక వేలాడే సన్న దారం) మీద గుచ్చండి. గాలానికి 5 సెంటీమీటర్ల పైన దారానికి ఒక చిన్న సీసపు గింజ నొక్కండి. గట్టు పక్కన తేట నీళ్లలో వేసి చూడండి. గింజ నేల మీద, ఎర దానిపైన నాలుగు వేళ్ల ఎత్తులో నిలబడాలి. పైకి గుంజుకుపోతే బెండు ఎక్కువైంది, పడిపోతే తక్కువైంది. గోరుతో కొంచెం కొంచెం గిల్లి సరిచేయండి. జీలుగ బెండు నీళ్లు పీలుస్తుంది కాబట్టి గంటకోసారి ముక్క మార్చాలి.

మొక్కజొన్న: 24 గంటలు నానబెట్టి, కుక్కర్‌లో నాలుగు విజిల్స్. గింజ కొస పగిలి, గోటితో నొక్కితే దిగాలి. అదే నీళ్లలో ఇంకో రోజు ఉంచితే పులిసి ఇంకా బాగుంటుంది.

చల్లే మేత: తవుడు రెండు పాళ్లు, వేరుశనగ చెక్క పొడి ఒక పాలు, రస్కు పొడి అర పాలు. తవుడును పొయ్యి మీద పొడిగా, రంగు మారకముందే దించేలా వేయించండి. చెక్క మన దగ్గర గానుగల్లో తాజాగా దొరుకుతుంది. బూజు వాసన వచ్చేది మాత్రం తీసుకోవద్దు. నీళ్లు ఒకేసారి పోయొద్దు. కొంచెం చల్లి, కలిపి, పావుగంట ఆగి, మళ్లీ చల్లాలి. చెక్క నీళ్లు నిదానంగా పీలుస్తుంది, తొందరపడితే గట్టున సరిగా ఉన్నట్టే ఉండి నీళ్లలో రాయిలా మిగిలిపోతుంది. గుప్పిట్లో ఒక్కసారి నొక్కితే ఉండ కట్టాలి, గ్లాసు నీళ్లలో వేస్తే 5 నుంచి 10 నిమిషాల్లో విడిపోవాలి. జల్లెడ పట్టడం మరచిపోవద్దు.

ఎంత చల్లాలి అనే దగ్గరే చలికాలంలో పని చెడుతుంది. వానాకాలంలో రెండు కిలోలు చల్లినా తినేస్తాయి. మోసు, శీలావతి లాంటి మన చేపలకు నీళ్లు 20 డిగ్రీల వైపు దిగుతున్న కొద్దీ ఆకలి తగ్గిపోతుంది, బంగారుతీగ మాత్రం చలికి కొంచెం ఓర్చుకుంటుంది. మీరు చల్లినదాంతోనే వాటి కడుపు నిండిపోతే గాలం జోలికి రావు. నిమ్మకాయంత ఉండలు నాలుగు, అంతే, దాంట్లో గుప్పెడు మొక్కజొన్న. తర్వాత ఒక చేప పడితే ఒక ఉండ. చేప పడకుండా మళ్లీ చల్లొద్దు. గంటన్నర గడిచినా కదలిక లేకపోతే మేత పెంచడం కాదు, చోటు పది గజాలు జరపండి.

మైదా ముద్ద బదులు: గోధుమ పిండి 60 గ్రాములు, రాగి పిండి 20, చెక్క పొడి 20, ఒక కోడిగుడ్డు. కలిపి శనగగింజ కన్నా కొంచెం పెద్ద ఉండలు చేసి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, నీడన గంట ఆరబెట్టండి. చిన్న పరిగెలు కొరికినా పోదు, గాలం మీద రెండు గంటలు నిలుస్తుంది. ఎర్రలు వేస్తే ఒక్కటే వేయండి, తోక కాస్త వదులుగా ఆడాలి. గుత్తిగా గుచ్చితే చలికాలంలో జెల్ల పిల్లలే వస్తాయి.

కొరుకు ఎట్లుంటుందో కూడా చెప్పాలి. రాడ్డుకు గంట (బెల్) కట్టుకొని కూర్చుంటే సగం తెలియవు. రాడ్డును నీటికి అడ్డంగా పెట్టి, దారం బిగువుగా ఉంచి, కొసనే చూడండి. కొస ఒక అంగుళం వంగి, ఆగి, నిదానంగా తిరిగొస్తే అది చేపే. ఒక్కసారిగా వెనక్కి ఎగిరి దారం వదులైతే చేప సీసాన్ని లేపుకొని మీ వైపు వస్తోంది. చాలామంది దాన్ని ‘పోయింది’ అనుకుంటారు. వెంటనే వదులు దారం చుట్టి, బరువు తగలగానే రాడ్డు ఎత్తండి. గుంజొద్దు, ఎత్తితే చాలు. 0.25 దారం గుంజితే తెగుతుంది.

వెలుగోడు_పుట్టి:
సీసం, ఎర సంగతి పై అన్నలు చెప్పేసినారు. రాత్రి వేసేవాళ్లకు నాలుగు మాటలు.

వాలుగ చేప చలికాలంలో తక్కువ తింటుంది గానీ మానదు. పొద్దు గుంకినప్పటి నుంచి తొమ్మిది వరకు, పాత ఏటి పాయ అంచున. గాలం 4/0 (ఇది పెద్ద సైజు), దానికి 30 సెంటీమీటర్ల స్టీలు వైరు తప్పనిసరి, దాని పళ్లు నైలాన్‌ను కోసేస్తాయి. ఎరకు చచ్చిన పరిగె చాలు, నడుము దగ్గర కత్తితో రెండు గాట్లు పెడితే వాసన పారుతుంది. చలిలో అది వేటాడి తరిమేదానికన్నా వాసన పట్టుకొని వచ్చేదే ఎక్కువ. మోచేతి పొడవు లోపలివి వదిలేయండి. వాలుగ దేశమంతా తగ్గిపోతోంది, అంతర్జాతీయంగా కూడా దాన్ని ముప్పున్న జాతుల్లో చేర్చినారు. కొరమీను కోసం అడుగు వెతకొద్దు. అది గాలికి పైకి రావాల్సిన చేప, చలిలోనూ ఒడ్డు నాచులోనే ఉంటుంది.

జెల్ల, ఇంగిలాయి పడితే గుడ్డతో కూడా గట్టిగా పట్టొద్దు. జెల్లకు వీపు ముల్లు ఒకటి, పక్క రెక్కల ముళ్లు రెండు, ఇంగిలాయికి పక్క రెక్కల ముళ్లు రెండే, వాటిని నిలబెట్టి పొడుస్తాయి. నేల మీద పెట్టి, పట్టకారుతో గాలం తీయండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట పైగా చెయ్యి ఉంచాలి, చర్మం కాలేంత వేడి వద్దు. ముల్లు లోపల విరిగినా, వాపు మణికట్టు దాటినా ఆస్పత్రికి పోండి.

వల బెండ్లు కనిపిస్తే యాభై గజాలు దూరం. సాయంత్రం వేసి తెల్లారి ఎత్తే వలలు అవి, మీ గాలం తగిలితే చిరుగుతాయి, దాని మీద ఒక కుటుంబం బతుకు ఉంది. రిజర్వాయర్‌లో గాలం వేయడానికి అనుమతి సంగతి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో, అక్కడి మత్స్యకారుల సంఘంలో ముందే అడగండి. శ్రీశైలం వెనక నీళ్లలో నల్లమల వైపు పులుల అభయారణ్యం, అటు దిగొద్దు. గండికోట గేట్లు ఎత్తితే ఆ నీళ్లు మైలవరానికే వస్తాయి కాబట్టి గేట్ల కింద ఏటి పాయలో నిలబడి వేసే పని ఎన్నడూ పెట్టుకోవద్దు.

పొద్దుటూరు_గాలం:
ఒకే ఒక్క అనుమానం అన్నలూ. గండికోట వెనక నీళ్లలో కంప చెట్లు మునిగి ఉన్నాయి. సీసం ఇరుక్కుంటే మొత్తం సామాను పోతోంది. చేపేమో ఆ కంప పక్కనే ఉంటాది.

హంద్రీ_ఒడ్డు, కర్నూలు:
సీసాన్ని మెయిన్ దారం మీద నేరుగా ఎక్కించకండి. చిన్న స్వివెల్ ఒకటి దారం మీద జారేలా పెట్టి, దాని కింద 15 సెంటీమీటర్ల 0.18 దారంతో సీసం కట్టండి. ఇరుక్కుంటే ఆ సన్న దారమే తెగుతుంది, గాలం, చేప మీ దగ్గరే ఉంటాయి. విసిరేటప్పుడు విదిలించొద్దు, 0.18 గాలిలోనే తెగి సీసం ఎవరి తలకైనా తగులుతుంది. నిదానంగా, రాడ్డు బరువుతో తోసినట్టు వేయండి, వెనక మనిషి లేడని చూసుకొని. మేత కంప లోపల చల్లకండి, కంపకు మూడు నాలుగు గజాలు ఇవతల, గట్టి నేల మీద చల్లితే చేపే బయటికి వస్తుంది. పడగానే డ్రాగ్ బిగువుగా ఉంచి మొదటి ఐదారు గజాలు తల తిప్పనివ్వకుండా లాగాలి, ఆ చోట మాత్రం గాలం దారం 0.25 కాదు, 0.30 కట్టండి.